పంచింగ్ మెషిన్ ఫైల్ నుంచి పని గంటలు తీయడం: నైట్ షిఫ్టుకి ##### వస్తోంది, నెల మొత్తం 16 గంటలే చూపిస్తోంది

చర్లపల్లి_లెక్కలు
నమస్కారం అండీ. చర్లపల్లిలో ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. నలభై మంది దాకా వర్కర్లు, మూడు షిఫ్టులు. ఫస్ట్ షిఫ్టు పొద్దున 6 నుంచి 2, సెకండ్ 2 నుంచి రాత్రి 10, నైట్ 10 నుంచి పొద్దున 6. ఇన్నాళ్లూ సూపర్‌వైజర్ రిజిస్టర్‌లో రాసిందే లెక్క. ఈమధ్య గేటు దగ్గర వేలిముద్రల మెషిన్ పెట్టారు. దాన్నుంచి పెన్‌డ్రైవ్‌లో ఫైల్ దింపుకుని ఎక్సెల్‌లో గంటలు తీయమని మా సార్ ఆర్డర్.

ఫైల్‌లో ఒక్కో పంచ్‌కి ఒక్కో వరుస ఉంది. ఎంప్లాయీ నంబర్, తేదీ, టైమ్, అంతే. ఏది ఇన్నో ఏది అవుటో రాసి లేదు. ముందు ఓ నలుగురివి చేత్తోనే ఇన్, అవుట్ విడగొట్టి చూస్తే ఇలా ఉంది పరిస్థితి:

నైట్ షిఫ్టు వాళ్లకి అవుట్‌లోంచి ఇన్ తీసేస్తే గడి నిండా #####.
ఒకాయనకి 26 రోజులు, రోజుకి 8 గంటలు. 208 రావాలి. సమ్ వేస్తే 16:00 వస్తోంది.
8:30 గంటల్ని గంటకి 75 రూపాయల చొప్పున గుణిస్తే 26.56 వస్తోంది. రోజంతా మెషిన్ దగ్గర నిలబడ్డ మనిషికి ఇరవై ఆరు రూపాయలు ఇస్తే నన్ను గేటు దాటనివ్వరు.

ఐదో తారీఖున జీతాలు. ఎవరైనా దారి చూపించండి.

గళ్ల_కాగితం
మూడు జబ్బులకీ మూలం ఒకటే. ఎక్సెల్‌కి గంటలు తెలియవు, రోజులే తెలుసు. ఒక రోజు అంటే 1. మధ్యాహ్నం 12 అంటే 0.5. ఒక గంట అంటే 1/24, ఒక నిమిషం అంటే 1/1440. మీకు 8:30 అని కనబడుతున్న గడిలో లోపల ఉన్నది 0.354166. దాన్ని 75తో గుణిస్తే 26.56 కాక ఇంకేం వస్తుంది? ముందు 24తో గుణించండి: =డి2*24*75 (డి2 అంటే గంటలున్న గడి). అప్పుడు 637.50 వస్తుంది. ఆ గడి ఫార్మాట్ నంబర్‌కి మార్చడం మర్చిపోకండి, లేకపోతే డబ్బు కూడా టైమ్ లాగే కనబడుతుంది.

208 గంటలు అంటే 8 రోజుల 16 గంటలు. మామూలు టైమ్ ఫార్మాట్ ఆ 8 రోజుల్ని దాచేసి మిగిలిన 16 మాత్రం చూపిస్తోంది. లోపల లెక్క సరిగ్గానే ఉంది. ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్‌కి వెళ్లి [హెచ్]:ఎంఎం అని పెట్టండి. చదరపు బ్రాకెట్లు ఉంటేనే 24 దాటిన గంటలు కనిపిస్తాయి.

నైట్ షిఫ్టు సంగతి: 6:00లోంచి 22:00 తీస్తే మైనస్ వస్తుంది. మామూలుగా అందరం వాడే, 1900 నుంచి రోజులు లెక్కపెట్టే 1900 తేదీల పద్ధతిలో మైనస్ టైమ్ చూపించడం ఎక్సెల్‌కి రాదు, అందుకే #####. బిలో ఇన్, సిలో అవుట్ ఉంటే =మోడ్(సి2-బి2,1) వేయండి, 8:00 వస్తుంది. పగటి షిఫ్టుకీ అదే ఫార్ములా పనిచేస్తుంది. (ఫంక్షన్ పేర్లు, గడుల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, షీట్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.)

ఇంకో మాట. 1904 తేదీల పద్ధతికి మారిస్తే మైనస్ టైమ్ కనబడుతుందని మీకు ఎవరో ఒకరు చెబుతారు. కనబడుతుంది నిజమే. కానీ ఆ ఫైల్‌లో ఇప్పటికే ఉన్న తేదీలన్నీ 1462 రోజులు పక్కకి జరిగిపోతాయి. దాని జోలికి పోకండి.

షీట్స్_రాజా
మోడ్ కంటే =సి2-బి2+(సి2<బి2) నాకు ఇష్టం. అవుట్ చిన్నదైతే ఒక రోజు కలుపు అని చదవగానే అర్థమవుతుంది, రేపు మన సీట్లోకి వచ్చేవాడికి కూడా. గూగుల్ షీట్స్ వాడేవాళ్లకి బ్రాకెట్ల గోల అక్కర్లేదు, ఫార్మాట్‌లో డ్యూరేషన్ అని ఉంటుంది, అది ఎంచుకుంటే చాలు.

కూకట్‌పల్లి_హెచ్ఆర్
ఫార్ములాలకి ముందు ఒకటి చూడండి అన్నా. మీ ఫైల్‌లో తేదీలు నిజంగా తేదీలేనా? గడి వెడల్పు కాస్త పెంచి చూడండి. కుడివైపు అంటుకుని ఉంటే నంబర్, ఎడమవైపు ఉంటే టెక్స్ట్. అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతేనే ఈ గుర్తు పనికొస్తుంది, అనుమానంగా ఉంటే =ఈజ్‌నంబర్(బి2) వేయండి.

ముఖ్యంగా 1 నుంచి 12 వరకు తేదీలు కుడివైపు, 13 నుంచి నెలాఖరు దాకా ఎడమవైపు ఉన్నాయంటే కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉన్నట్టు. అది ముందు నెల, తర్వాత రోజు చదువుతుంది. మెషిన్ 05/08 అని ఆగస్టు 5 రాస్తే దాన్ని మే 8 చేసేస్తుంది. 13వ నెల లేదు కాబట్టి 13/08ని మాత్రం అర్థంకాక టెక్స్ట్‌గా వదిలేస్తుంది. ఎడమవైపు వాటి గురించి భయం లేదు, అవి కంటికి దొరుకుతాయి. కుడివైపు ఉన్న పన్నెండు రోజులే (08/08 లాంటిది తప్ప) తప్పుగా ఉండి కూడా బుద్ధిగా కూర్చుంటాయి.

డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్‌కి వెళ్లి, మూడో మెట్టులో డేట్ దగ్గర డిఎంవై ఎంచుకోండి. తేదీ, టైమ్ ఒకే గడిలో ఉంటే ముందు రెండుగా విడగొట్టి, తేదీకి ఇది చేసి, మళ్లీ రెండూ కూడండి. తేదీ + టైమ్ కూడితే పూర్తి సమయం వచ్చేస్తుంది. అప్పటికే మే 8 అయిపోయిన గడుల మీద ఇది చేసి లాభం లేదు, అసలు ఫైల్‌నే మళ్లీ తెరిచి మొదలుపెట్టాలి. ప్రతి నెలా ఈ తిప్పలు వద్దనుకుంటే విండోస్ రీజియన్ సెట్టింగ్‌ని ఇండియాకి మార్చేయండి.

చర్లపల్లి_లెక్కలు
అచ్చం మీరు చెప్పినట్టే ఉంది మేడమ్! 13 నుంచి అన్నీ ఎడమవైపే. ఇది చూడకుండా వెళ్లి ఉంటే కొంప మునిగేది. మొదటి మూడు సమస్యలు తీరాయి, గళ్ల_కాగితం గారికి దండం.

ఇప్పుడు అసలు పని. నలభై మందికి నెలంతా ఇన్, అవుట్ చేత్తో విడగొట్టడం నావల్ల కాదు. రోజులో మొదటి పంచ్ ఇన్, చివరిది అవుట్ అనుకుందామంటే నైట్ షిఫ్టు దగ్గర తిరగబడుతోంది. పొద్దున 6కి దిగేది ఆ రోజు ఇన్‌గా, రాత్రి 10కి ఎక్కేది అవుట్‌గా పడి 16 గంటలు చూపిస్తోంది.

గళ్ల_కాగితం
క్యాలెండర్ రోజు వదిలేయండి. "పని రోజు" అని ఇంకో కాలమ్ పెట్టండి. నైట్ షిఫ్టు 5న రాత్రి మొదలై 6న పొద్దున ముగిస్తే ఆ రెండు పంచ్‌లూ 5వ తేదీవే అని షీట్‌కి తెలియాలి.

పంచ్ సమయంలోంచి కొన్ని గంటలు వెనక్కి తీసి, తేదీ భాగం మాత్రం ఉంచుకుంటే చాలు. ఎన్ని గంటలు అన్నదే తిరకాసు. అందరికీ ఒకే అంకె కుదరదు. పొద్దున ఆరింటికి మీ గేటు దగ్గర ఫస్ట్ షిఫ్టు ఎక్కుతుంది, నైట్ షిఫ్టు దిగుతుంది. 5:50కి పడిన పంచ్ ఇవాళ్టిదా నిన్నటిదా అని గడియారం చెప్పలేదు, మనిషి ఏ షిఫ్టో తెలిస్తేనే చెప్పగలం. కాబట్టి షిఫ్టుల పట్టిక ఒకటి ఉండాల్సిందే. ఎంప్లాయీ నంబర్, వారం, షిఫ్టు. దాన్నుంచి, నంబర్‌ని బట్టి వెతికి తెచ్చే లుకప్‌తో సి కాలమ్‌లోకి షిఫ్టు పేరు తెచ్చుకోండి. తర్వాత, పంచ్ సమయం తేదీతో కలిపి బిలో ఉందనుకుని, డి కాలమ్‌లో:

=ఇంట్(బి2-ఇఫ్(సి2="నైట్",12,4)/24)

నైట్ వాళ్లకి 12 గంటలు వెనక్కి. 5న రాత్రి 10 అన్నది 5న పొద్దున 10 అవుతుంది, 6న పొద్దున 6 అన్నది 5న సాయంత్రం 6 అవుతుంది. రెండూ 5లోనే పడ్డాయి. ఓవర్‌టైమ్ చేసి 6న పదింటిదాకా ఉన్నా 5లోనే ఉంటుంది. మిగతా రెండు షిఫ్టులకి 4 గంటలు చాలు. సెకండ్ షిఫ్టు వాడు రాత్రి 2 దాకా ఆగినా పాత రోజులోనే ఉంటాడు, ఫస్ట్ షిఫ్టు వాడు 5:40కే వచ్చి పంచ్ కొట్టినా కొత్త రోజులోనే పడతాడు.

ఇక ఇన్‌కి =మిన్‌ఇఫ్స్, అవుట్‌కి =మ్యాక్స్‌ఇఫ్స్. షరతులకి సరిపోయిన వాటిలో మొదటిది అతి చిన్నది, రెండోది అతి పెద్దది తెస్తుంది. సమయం కాలమ్ ఇచ్చి, ఎంప్లాయీ నంబర్, పని రోజు రెండు షరతులుగా ఇవ్వండి. ఇవి తేదీతో సహా వస్తాయి కాబట్టి మోడ్ అవసరం లేదు, నేరుగా తీసివేయండి. నిజానికి ఇక్కడ మోడ్ వాడకపోవడమే మేలు, 24 గంటలు దాటిన తేడా వస్తే అది కప్పెట్టేస్తుంది.

పాత_వెర్షన్_బాబు
మిన్‌ఇఫ్స్ 2019 వెర్షన్ నుంచే. మా ఆఫీసులాగా 2010 ఎక్సెల్‌తో నెట్టుకొచ్చేవాళ్లు పివట్ టేబుల్ (వరుసల్ని గుంపులు చేసి లెక్క తీసే పట్టిక) వేసుకోండి. వరుసల్లో నంబర్, పని రోజు. విలువల్లో సమయాన్నే మూడుసార్లు లాగి ఒకదానికి మిన్, ఒకదానికి మ్యాక్స్, ఒకదానికి కౌంట్. ఫార్ములా కంటే వేగం కూడా.

మెషిన్ ఫైల్‌లో 0007 అని ఉన్న నంబర్ ఎక్సెల్‌లో తెరవగానే 7 అయిపోతుంది. షిఫ్టుల పట్టికలో 0007 అనే ఉంటే లుకప్ దొరకదు. రెండు చోట్లా ఒకేలా పెట్టుకోండి.

కూకట్‌పల్లి_హెచ్ఆర్
కౌంట్ అన్నారు చూడండి, అది తప్పనిసరి. ఎవరైనా ఒకసారే పంచ్ కొడితే మిన్, మ్యాక్స్ రెండూ అదే సమయం. తేడా 0:00. షీట్ ఏ ఎర్రర్ చూపించదు, మనిషి పని చేయనట్టు సున్నా వేసేస్తుంది. =ఇఫ్(కౌంట్<2,"పంచ్ లేదు",అవుట్-ఇన్) అని పెట్టండి. సున్నా వేరు, తెలియకపోవడం వేరు.

వేలు ఆనిందో లేదోనని రెండుసార్లు కొట్టేవాళ్లు ఉంటారు. 6:00, 6:01. కౌంట్ 2 అయింది కదా అని షీట్ దాన్ని ఒక నిమిషం డ్యూటీ కింద లెక్కేస్తుంది. నంబర్, సమయం వారీగా సార్ట్ చేసి, అదే మనిషి పై వరుస పంచ్‌కీ దీనికీ తేడా రెండు నిమిషాల లోపు ఉంటే "డబుల్" అని పక్క కాలమ్‌లో గుర్తు వేసి లెక్కలోంచి తప్పించండి. వరుస మాత్రం డిలీట్ చేయకండి. మెషిన్ నుంచి వచ్చిన షీట్‌ని ఎప్పుడూ ముట్టుకోకూడదు. దిద్దుబాటు ఏదైనా పక్క కాలమ్‌లోనే, ఎవరు చెబితే దిద్దారో కూడా రాసి. రేపు గొడవ వస్తే అదే మిమ్మల్ని కాపాడుతుంది.

చర్లపల్లి_లెక్కలు
పని రోజు ఫార్ములా అద్భుతం అండీ. నైట్ వాళ్లవన్నీ సర్దుకున్నాయి. సెకండ్, నైట్ రెండు షిఫ్టులూ వరసగా చేసినవాళ్లకి మాత్రం రెండు రోజుల్లో "పంచ్ లేదు" అని వస్తోంది. పొద్దున 6 పంచ్ మర్నాటికి వెళ్లిపోతోంది.

గళ్ల_కాగితం
రావాల్సిందే. డబుల్ డ్యూటీని పట్టికలో విడిగా గుర్తించి వాళ్లకి 12 గంటలే వెనక్కి తీయండి. మధ్యాహ్నం 2లోంచి 12 తీస్తే అదే రోజు తెల్లవారుజాము 2, కాబట్టి ఇన్ ఎక్కడికీ పోదు. నెలకి ఎన్నో ఉండవుగా, ఫార్ములాని సాగదీయడం కంటే కంటితో చూసి గుర్తు పెట్టడమే నయం.

చర్లపల్లి_లెక్కలు
సరే. ఇంకోటి. మా సార్ 15 నిమిషాలకి రౌండ్ చేయమంటున్నారు. ఇన్ ముందుకి, అవుట్ వెనక్కి. ఇన్‌కి సీలింగ్, అవుట్‌కి ఫ్లోర్ వాడితే సరిపోతుందా?

నైట్‌డ్యూటీ_ఫిట్టర్
ఎక్సెల్ నాకు రాదు సార్, బాలానగర్‌లో ఫిట్టర్‌ని. జీతం స్లిప్పులో గంటలు ఎందుకు తగ్గుతున్నాయో వెతుకుతూ ఇక్కడికి వచ్చిన. ఈ రౌండ్ మాట చూసి ఆగలేక రాస్తున్న.

మా గేటు కాడ ఒక్కటే మెషిన్. షిఫ్టు మారేటప్పుడు దిగేటోళ్లు, ఎక్కేటోళ్లు ఒకే లైన్ల ఉంటరు. గ్రీజు చేతులకు వేలు పడదు. తుడుచుకోవాలె, మళ్ల పెట్టాలె, అది "మళ్లీ ప్రయత్నించండి" అంటది. 5:55కి గేటు లోపలికి వచ్చినోడికి 6:07 పడ్తది. మీ లెక్కల అది 6:15 అయితది. దిగేటప్పుడు 2:10కి కొడితే 2:00 అయితది. లైన్ల నిలబడ్డది మేము, కోత కూడా మాకే.

గళ్ల_కాగితం
ఆయన చెప్పిన అంకెలే తీసుకుందాం. ఇన్ దగ్గర 8 నిమిషాలు, అవుట్ దగ్గర 10 నిమిషాలు, రోజుకి 18. 26 రోజులకి 468 నిమిషాలు, అంటే 7 గంటల 48 నిమిషాలు. దాదాపు ఒక షిఫ్టు ఉచితంగా చేయించుకున్నట్టే. మీ సార్‌కి ఈ లెక్క చూపించండి, ఆయనకీ ఇంత అవుతుందని తెలిసి ఉండదు.

రౌండ్ చేయాల్సిందే అంటే =ఎంరౌండ్ వాడండి, దగ్గర ఉన్న పావుగంటకి వెళ్తుంది. 6:07 అయితే 6:00, 6:08 అయితే 6:15. ఒక్కోసారి లాభం, ఒక్కోసారి నష్టం, ఇద్దరికీ సమానం. నా మటుకు నేనైతే అసలు రౌండ్ చేయను. కంప్యూటర్ ఉండగా నిమిషాల లెక్కకి బద్ధకం ఎందుకు? చేత్తో కూడే రోజుల్లో పావుగంటలకి అర్థం ఉంది.

నిమిషాలే వాడండి. =రౌండ్((అవుట్-ఇన్)*1440,0). పూర్ణాంకం వస్తుంది. దీనివల్ల ఇంకో లాభం: ఎక్సెల్‌లో భిన్నాల తోకలు మిగులుతాయి కాబట్టి రెండు టైమ్‌లు కంటికి సమానంగా ఉన్నా "8:30కి సమానమా" అని అడిగితే కాదనవచ్చు. నిమిషాలకి ఆ బాధ లేదు. చివర్లో 60తో భాగించి రేటుతో గుణించండి.

షీట్స్_రాజా
8.30 అని చుక్క పెట్టి రాసే అలవాటు కూడా మానిపించండి. ఎనిమిదిన్నర గంటలు అంటే 8.5. 8.30తో గుణిస్తే గంటకి 75 చొప్పున రోజుకి 15 రూపాయలు పోతాయి. రిజిస్టర్‌లలో ఇది ఎప్పట్నుంచో ఉన్న రోగం.

కూకట్‌పల్లి_హెచ్ఆర్
ఫిట్టర్ అన్నా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వేలు పడనివాళ్లకి కార్డో, ముఖం గుర్తుపట్టే మెషినో ఇవ్వాలి. మెషిన్ గడియారం కూడా నెలకోసారి ఫోన్ టైమ్‌తో సరిచూడాలి, ఐదు నిమిషాలు ముందుకి పోయిన మెషిన్‌తో ఎంత మంచి ఫార్ములా రాసినా వృథా.

లేట్ వాళ్ల సంగతి సరే, ముందే వచ్చేవాళ్ల సంగతి కూడా తేల్చుకోండి. 5:40కి వచ్చి టీ తాగి కూర్చుంటే 6 నుంచి లెక్కేయవచ్చు, దానికి =మ్యాక్స్(ఇన్,షిఫ్టు మొదలు). కానీ సూపర్‌వైజర్ 5:40కే మెషిన్ ఎక్కిస్తే మాత్రం ఆ 20 నిమిషాలు పని కిందే లెక్క. అది షీట్ చెప్పదు, ఫ్లోర్ మీద అడగాలి.

ఉప్పల్_కన్సల్టెంట్
ఓవర్‌టైమ్ కాలమ్ పెట్టేటప్పుడు చట్టం చూసుకోండి. 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 59 ప్రకారం రోజుకి 9 గంటలు గానీ వారానికి 48 గంటలు గానీ దాటితే, దాటిన మేరకు రెట్టింపు రేటు ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో కూడా ఓవర్‌టైమ్‌కి రెట్టింపే. వరసగా ఐదు గంటలకి మించి పని చేయించకుండా మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని పాత చట్టం సెక్షన్ 55 చెప్పేది.

వారం నిమిషాలు కూడి =మ్యాక్స్(0,మొత్తం-2880). 48 గంటలంటే 2880 నిమిషాలు. రోజువారీకి పాత చట్టం 9 గంటల లెక్కన 540 నిమిషాలు దాటినవి. రెండూ తీసి కలిపేయకండి, ఒకే గంటకి రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. నేను చూసే యూనిట్లలో వారం మొత్తానికి ఏది ఎక్కువైతే అది తీసుకుంటాం. నెల మొత్తం మీద 208 దాటితేనే ఓవర్‌టైమ్ అనే పద్ధతి చాలా చోట్ల ఉంది. అది తప్పు. ఒక వారం 56 గంటలు చేసి ఇంకో వారం సెలవు పెట్టినవాడికి ఎగ్గొట్టినట్టే.

తెలంగాణలో 2025 జూలైలో రోజుకి 10 గంటల దాకా అనుమతిస్తూ వచ్చిన జీవో గురించి అడుగుతున్నారు చాలామంది. అది వాణిజ్య సంస్థలకి మాత్రమే, దుకాణాలకి వర్తించదు. అందులోనూ వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది, దాటితే ఓవర్‌టైమే.

చర్లపల్లి_లెక్కలు
సార్‌కి ఆ 7 గంటల 48 నిమిషాల లెక్క ప్రింట్ తీసి పెట్టాను. కాసేపు చూసి "సరే, నిమిషాలే వెయ్యి" అన్నారు. ఓవర్‌టైమ్ వారం లెక్కకి మాత్రం మొహం చిట్లించారు. కన్సల్టెంట్ గారి మాట చెబితే మా కన్సల్టెంట్‌ని పిలుస్తానన్నారు, చూడాలి.

"పంచ్ లేదు" వచ్చినవాళ్లకి సగం రోజు కట్ చేయమని సూపర్‌వైజర్ అంటున్నాడు. వాటిని ఏం చేయాలి?

నైట్‌డ్యూటీ_ఫిట్టర్
నెలాఖరుకు అడిగితే ఎవనికీ యాదికి ఉండదు సార్. మర్నాడే ఆ నంబర్లు టైమ్ ఆఫీసు కాడ అంటించుండ్రి. ఎవలు డ్యూటీల ఉన్నరో ప్రొడక్షన్ షీట్‌ల రాసే ఉంటది, పక్కోడు కూడా సాక్ష్యం చెప్తడు. సూపర్‌వైజర్ సంతకం పెడితే అయిపాయె. సగం రోజు కోస్తే ఎట్ల?

కూకట్‌పల్లి_హెచ్ఆర్
అదే పద్ధతి. వారానికోసారైనా ఫైల్ దింపండి, నెల దాకా ఆగకండి. అంటించే కాగితంలో పేర్లు వద్దు, నంబర్, తేదీ చాలు. మెషిన్‌లో పంచ్ లేనంత మాత్రాన మనిషి పనికి రానట్టు కాదు. కోయాలంటే రాలేదని రుజువు వాళ్ల దగ్గర ఉండాలి.

టోలీచౌకి_కిచెన్
మంచి టైమ్‌లో దొరికింది ఈ చర్చ. మాది హలీమ్ సెంటర్. రంజాన్ నెలలో వంట వాళ్ల షిఫ్టు మొత్తం మారిపోతుంది. కొందరు రాత్రి 11కి గోధుమలు నానబెట్టడం దగ్గర మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఉంటారు. కౌంటర్ వాళ్లు సాయంత్రం 4 నుంచి రాత్రి 2 దాకా. మధ్యలో ఇఫ్తార్‌కి బయటికి వెళ్లి వస్తారు, అప్పుడూ పంచ్ కొడతారు. మొదటి పంచ్, చివరి పంచ్ తీసుకుంటే విరామం కూడా డ్యూటీలో కలిసిపోతోంది.

గళ్ల_కాగితం
మీకు మిన్, మ్యాక్స్ సరిపోవు. పంచ్‌లని జతలుగా చూడాలి. నంబర్, పని రోజు, సమయం వారీగా సార్ట్ చేసి, డబుల్స్ తప్పించి, ఒక్కో మనిషికి రోజులో ఎన్నో పంచ్ అన్నది కౌంట్‌ఇఫ్స్‌తో వేయండి: 1, 2, 3, 4. సరి సంఖ్య వచ్చిన ప్రతి వరుసలో దీని సమయంలోంచి పై వరుస సమయం తీయండి. 2లోంచి 1, 4లోంచి 3. బయట ఉన్న సమయం దానంతటదే లెక్కలోకి రాదు. మొత్తం బేసి సంఖ్య వచ్చిన రోజుని "పంచ్ లేదు"లోకి నెట్టండి, ఏది తప్పిందో ఫార్ములా ఊహించకూడదు.

పని రోజుకి కౌంటర్ వాళ్లకి 4 గంటలు, రాత్రి 11 వాళ్లకి 12 గంటలు వెనక్కి తీస్తే రాత్రి 11 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12కి ముందు దాకా పడినవే ఒక రోజులో ఉంటాయి. మీ వాళ్లు మధ్యాహ్నం 2 దాకా ఆగుతారంటే 12 బదులు 16 పెట్టుకోండి. ఆ అంకెల్ని ఫార్ములాలో కాకుండా షిఫ్టుల పట్టికలోనే ఒక కాలమ్‌గా పెట్టండి. రంజాన్ అయిపోగానే పట్టిక మారిస్తే చాలు.

టోలీచౌకి_కిచెన్
16 పెట్టాను, పడింది. విరామానికి జీతం ఇచ్చేది ఇవ్వనిది మా సేఠ్ తేల్చాలి. షీట్ మాత్రం విడిగా చూపిస్తోంది.